రాపూరు కనుమ మీద నేను, నా సైకిలు, వెనక మస్తాన్ ఆటో

పోయిన ఏడాది రొయ్యల గుంటల గట్టు మీద సైకిల్ తొక్కుతూ పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అడ్డం వచ్చింది గేదె. తప్పు దానిదే అయినా కట్టు మాత్రం నాకు వేశారు. ఆ కట్టు విప్పిన రోజున మా అబ్బాయి ప్రసాదు నెల్లూరు నుంచి వచ్చి, నాకు అరవై ఏడేళ్లు వచ్చాయన్న సంగతి నాకే కొత్తగా చెప్పి, సైకిల్ ఇక తన కూతురికి ఇచ్చెయ్యమన్నాడు. మా మనవరాలికి సైకిలంటే ఫొటో దిగేటప్పుడు పక్కన నిలబెట్టుకునే వస్తువు. ఆ మాటే అన్నాను. వాడు నవ్వలేదు. నవ్వకుండా మాట్లాడటం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

నేను ఉండేది కోటలో. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆయన పోయి ఎనిమిదేళ్లు. రిటైరైన నెలలోనే కొనుక్కున్న ఇరవై ఒక్క గేర్ల సైకిల్ మీద ఆదివారం చర్చికి, మిగతా రోజులు కూరగాయలకు, తోస్తే సముద్రం ఒడ్డుకు వెళ్లొస్తాను. ఆటో కావాలంటే ఆటోవాడిని అడగాలి, కారు కావాలంటే కొడుకును అడగాలి. సైకిలుకైతే ఎవరినీ అడగక్కర్లేదు. ఈ వయసులో ఆడదానికి అదెంత ఆస్తో అడిగి అడిగి అలిసిపోయినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకని ఇవ్వనన్నాను. మూడు నెలలు ఫోన్లో వాదించుకున్నాక, "నీకు శక్తి ఉందని నువ్వంటున్నావు, లేదని నేనంటున్నాను. ఎట్టా తేలుద్ది?" అన్నాడు వాడు. "వెలిగొండ ఎక్కి దిగుతా, చాలా?" అన్నాను. నోటి దురుసు వల్ల మనుషులకు పెళ్లిళ్లు తప్పిపోతాయని విన్నాను. నాకు కొండ తగులుకుంది.

షరతులు వాడే పెట్టాడు. వెనకాల ఒక బండి రావాలి. మధ్యలో అలుపు తీర్చుకోవచ్చు, కానీ సైకిల్ దిగి నెట్టకూడదు. తొక్కడం మొదలుపెట్టాక నేను గానీ సైకిలు గానీ ఆ బండి ఎక్కామంటే పందెం పోయినట్టే, సైకిల్ నెల్లూరు వెళ్లిపోతుంది.

ఇలాంటి చుట్టు వేయాలనుకునే వాళ్ల కోసం దారి చెబుతాను. రాపూరులో మొదలుపెట్టి, కనుమ రోడ్డు మీదుగా వెలిగొండలు దాటి చిట్వేలులో దిగాలి. అక్కడి నుంచి పండ్లతోటల మధ్యగా రైల్వేకోడూరు. అక్కడ మొదటి రాత్రి. రెండో రోజు బాలపల్లి అడవి గుండా రేణిగుంట, శ్రీకాళహస్తి. మూడో రోజు వెంకటగిరి మీదుగా మళ్లీ రాపూరు. రోజుకు అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. కుర్రవాళ్లు ఒక్క రోజులో తిరిగొస్తారట. తిరగనివ్వండి, వాళ్లకు తర్వాత చూసుకోవడానికి చాలా కొండలున్నాయి. వెళ్లాల్సింది వానలు వెనకపట్టాక, ఎండలు ముదరక ముందు. నేను జనవరి చివరి వారంలో వెళ్లాను.

కొండ లేని ఊళ్లో కొండకు సాధన ఎలా చేయాలన్నది మొదటి చిక్కు. మా వైపు అన్నిటికంటే ఎత్తైనది కాలవ మీది వంతెన. అందుకని ఎదురుగాలిని నమ్ముకున్నాను. మధ్యాహ్నం మూడింటికి సముద్రం గాలి లేస్తుంది. ఆ వేళకు కోట నుంచి తీరం వైపు తొక్కితే గాలి రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతుంది. పైగా ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ రోడ్డు మీద ఇసుక మేటలు వేసి ఉంటుంది. రెండు నెలలు రోజూ అదే పని. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత నన్ను చూసి టైము చెప్పుకోవడం మొదలుపెట్టారు.

వెనక రావడానికి బండి మస్తాన్‌ది. రొయ్యల మేత మోసే ట్రాలీ ఆటో. రోజుకు మూడు వేలు, డీజిల్ మనదే. వాసన ఉచితం. మస్తాన్‌కు నలభై దాటాయి, మీసం నెరిసింది. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివి, సైన్సులో మూడో దండయాత్రకు గట్టెక్కాడు. క్లాసులో వాడి నోరు ఊరుకునేది కాదు. "అడగందే నోరు తెరిచావంటే బెంచీ ఎక్కిస్తా" అనేదాన్ని. నిజంగానే ఎక్కించేదాన్ని కూడా.

తెల్లవారుజామున నాలుగింటికి సైకిలును ట్రాలీలో తాళ్లతో కట్టి, గూడూరు మీదుగా ఆరున్నరకు రాపూరు చేరాము. పొద్దు పొడుస్తూ ఉంది. పడమట వెలిగొండలు నీలంగా, ఇంకా నిద్రలో ఉన్నట్టు ఉన్నాయి. అవి చిత్రంలో ఉన్నంత దూరంలో ఉన్నప్పుడు చాలా బాగుంటాయి. మస్తాన్ తాళ్లు విప్పి సైకిల్ కిందికి దించి, ముందు చక్రం దగ్గర కాసేపు వంగి నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒక మాట..."

"నిన్ను అడిగినానా?"

"లేదమ్మా."

"మరి?"

నోరు మూసుకున్నాడు.

బస్టాండు దగ్గర తాటాకు పందిరి కింద ఒకావిడ కారం దోసెలు పోస్తూ ఉంది. దోసె ముప్పై ఐదు. కారం మాత్రం కొలత లేకుండా పూసింది. నా తల మీది హెల్మెట్ చూసి గరిటె ఆపింది.

"యాడికక్కా, ఈ యేసం?"

"చిట్వేలుకు."

"సైకిలు మిందనా? బస్సులున్నాయి గదా!"

"ఉన్నాయని తెలుసు."

ఆమె మస్తాన్ వైపు తిరిగి, "ఏందన్నా, ఇంట్లో ఏమన్నా పోట్లాటా?" అంది గొంతు తగ్గించి.

"పోట్లాటే గానీ, గెలిచేది ఆమేలే," అన్నాడు వాడు. అంత నమ్మకం వాడి ముఖంలో మాత్రం నాకు కనిపించలేదు. ఆమె ఇంకో దోసె నా ఆకులో వేసి డబ్బు తీసుకోనంది. పిచ్చివాళ్లకు పెడితే పుణ్యమని అనుకుని ఉండాలి. నేను తినేశాను.

ఏడు దాటాక బయల్దేరాను. మొదట్లో దారి పొలాల మధ్య సాగుతుంది, నిమ్మతోటలు, మేకల మందలు. నెమ్మదిగా ఎత్తు పెరుగుతున్న సంగతి కంటికి తెలియదు, తొడలకు తెలుస్తుంది. అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టు ఉంది. ఎర్రచందనం దాటకుండా కాపలా. గార్డు నా బ్యాగు విప్పమన్నాడు.

"ఏముండాది పెద్దమ్మా ఇందులో?"

"వేరుశనగ ఉండలు. దుంగలు కాదు."

అతను ఒక ఉండ తీసి వాసన చూసి, నోట్లో వేసుకుని, తనిఖీ పూర్తయిందన్నట్టు తల ఊపాడు. "పైన కోతులుండాయి. వాటికి కనపడనీకండి. ఫోన్లు పన్జెయ్యవు, ఏదన్నా అయితే కిందికి రావాల్సిందే" అన్నాడు.

అసలు కనుమ అక్కడి నుంచి. రెండు వైపులా చెట్లు దగ్గరపడతాయి, రోడ్డు కొండను పట్టుకుని మెలికలు తిరుగుతుంది. మొదటి మెలిక ఎక్కాను. రెండోది ఎక్కాను. వెనక మస్తాన్ ఆటో మొదటి గేరులో మూలుగుతూ వస్తోంది. ఎవరు ఎక్కువ మూలుగుతున్నామో చెప్పడం కష్టం. గేర్లన్నీ ఒక్కొక్కటిగా దించుకుంటూ పోయి చివరిదానికి వచ్చాను. ఇక కింద ఏమీ మిగల్లేదు. అయినా చక్రం ముందుకు పోవడం లేదు. ఎవరో వెనక నుంచి సీటు పట్టుకున్నట్టు ఉంది.

ఎదురుగా అరటి గెలల లారీ దిగుతూ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమ్మా, మొక్కుకున్నావా?"

"పందెం, నాయనా."

"ఎంత?"

"సైకిలు."

"పోతే పోనీలేమ్మా, కొత్తది కొనుక్కుందువు!" అని హారన్ కొట్టి పోయాడు. నవ్వడానికి కూడా ఊపిరి లేదు.

మూడో మెలిక తర్వాత ఆగాను. నాలుగో మెలిక దాకా పోకుండానే మళ్లీ ఆగాను. ఆగిన ప్రతిసారీ నీళ్లు తాగి, నాడి చూసుకుని, ఎక్కేదాన్ని. యాభై తొక్కులు లెక్కపెట్టుకుని ఆగుదామనుకునేదాన్ని, ముప్పై కాగానే కాళ్లు నిలిచిపోయేవి. విరిగి అతికిన మణికట్టు హ్యాండిల్ మీద జివ్వుమంటోంది. రెండు నెలలు గాలికి ఎదురుపోయి పెంచుకున్న బలమంతా ఏమయిందో అర్థం కాలేదు. అయిదో మెలిక దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నాను. టైము తొమ్మిదిన్నర. కింద లోయలో చెట్ల తలలు, ఆ చివర ఎక్కడో పొద్దున నేను దోసె తిన్న ఊరు. తూర్పున తెల్లటి గీతలా మెరిసింది సముద్రం కాదని తెలుసు, పొగమంచు అయి ఉంటుంది. అయినా అటే చూస్తూ కూర్చున్నాను.

నా గురించి నేను అబద్ధం చెప్పుకోను. ప్రసాదు సరిగ్గానే చెప్పాడనిపించింది. ఇది ఓపిక, పట్టుదల వల్ల అయ్యే పని కాదు, ఒంట్లో సరుకు అయిపోయింది, ఆ సంగతి నాకు తప్ప అందరికీ ముందే తెలిసింది. రేపటి నుంచి చర్చికి వెళ్లాలంటే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆలోచించుకున్నాను. అది ఆలోచించాక ఇక లేవడానికి కారణం కనిపించలేదు.

"మస్తాన్," అన్నాను. "సైకిల్ ఎక్కించు."

వాడు ఆటో దిగి వచ్చాడు. సైకిల్ పట్టుకున్నాడు. ఎత్తలేదు. ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు, వెనక చక్రాన్ని నొక్కాడు, నా వైపు చూశాడు.

"ఎక్కించను టీచరమ్మా."

"ఏమిరా?"

"ఇప్పుడు అడిగినారు గదా, చెప్తా. టైర్లలో గాలి లేదమ్మా. సగం కూడా లేదు. మెత్తంగా సపోటాపండు మాదిరి ఉండాయి."

మా తీరం వైపు సైకిల్ తొక్కేవాళ్లమంతా టైర్లలో గాలి తక్కువగానే ఉంచుతాం. గట్టిగా కొడితే చక్రం ఇసుకలో దిగబడుతుంది, మెత్తగా ఉంటే ఇసుక మీద పరుచుకుని పోతుంది. ఏళ్ల తరబడి అలవాటైపోయి, అదే సైకిలు స్వభావం అనుకునే దాకా వచ్చాను. ఆ మెత్తటి చక్రాలతోనే తారు రోడ్డు మీద కొండ ఎక్కబోయాను. గాలి తగ్గితే చక్రం రోడ్డుకు ఎక్కువగా అంటుకుంటుంది, దొర్లుడు ఘర్షణ పెరుగుతుంది అని ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసింది నేనే. బొమ్మ వేసి బాణం గుర్తులు కూడా పెట్టేదాన్ని.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాను.

"పొద్దన దించేటప్పుడే."

"అప్పుడే చెప్పి చావొచ్చు గదరా!"

"చెప్పబోయినా గదమ్మా. అడిగినానా అంటిరి." వాడు తల గోక్కున్నాడు. "అడగందే నోరు తెరవద్దని మీరే గదా నేర్పిచ్చింది. బెంచీ మిందెక్కి ఎన్ని దినాలు నిలబడినానో నాకు బాగా గ్యాపకం."

ముప్పై ఏళ్లలో నేను ఎంతమందికి చెప్పిన పాఠమో. ఒక్కడు మాత్రం ఎప్పటికీ మరిచిపోకుండా నేర్చుకున్నాడు. ఆ ఒక్కటీ నేర్చుకోకుండా ఉంటే బాగుండేది.

సైకిల్ టైర్లకు స్కూటర్లకు ఉండే వాల్వే ఉంది కాబట్టి ఆటోలో ఉన్న కాలి పంపు సరిపోయింది. వాడు పంపు బిగించబోతూ ఆగి, "ఇది మన బండిలో పంపు. ప్రసాదు సార్ పందెంలో ఒప్పుకుంటాడా?" అన్నాడు.

"షరతు బండి ఎక్కడం గురించి. గాలి బండిది కాదు, దేవుడిది. కొట్టు."

"నేను గొట్టేదా, మీరు గొట్టేదా?"

అది మంచి ప్రశ్న. లేచి నేనే కొట్టాను. వాడు లెక్కపెట్టాడు. మధ్యలో ఒకసారి, "చాలు టీచరమ్మా, మరీ గట్టిగా గొడితే దిగేటప్పుడు గులకరాళ్ల మింద ఎగిరిపడతారు" అన్నాడు. ఈసారి అడక్కుండానే చెప్పాడు. నేను ఆపాను.

తర్వాత సంగతి గొప్పగా చెప్పుకోవాలని ఉంది, కానీ కొండ కొండే. ఎక్కడం తేలికైందని అనను. తొక్కితే ముందుకు పోతోంది, అంతే. పెడల్ మీద వేసిన బరువు వేసినట్టు చక్రానికి అందుతోంది. యాభై లెక్కపెట్టుకుంటే యాభై వచ్చాయి, తర్వాత వంద. రెండు నెలల పాటు ఇసుకలో, గాలిలో, మెత్తటి టైర్లతో నానా చాకిరీ చేసిన కాళ్లకు ఇప్పుడు ఎవరో సంకెళ్లు విప్పినట్టయింది. ఒక మెలిక దగ్గర కోతులు గోడ మీద వరసగా కూర్చుని, నా బ్యాగు వైపు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారుల్లా చూశాయి. నేను ఆగలేదు. మస్తాన్ మాత్రం ఆటో ఆపకుండానే ఒక అరటిపండు సమర్పించుకుని వచ్చాడు. పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా రోడ్డు ఎక్కడం మానేసింది. మొదట నమ్మలేదు, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. ముందర కడప వైపు కొండలు ఒకదాని వెనక ఒకటి, మనం ఎక్కింది వాటిలో చిన్నదే అని చెప్పడానికన్నట్టు నిలబడి ఉన్నాయి.

దిగడం గురించి ఒక హెచ్చరిక. బ్రేకులు పట్టుకునే ఉండకండి, పట్టి వదులుతూ ఉండండి, లేకపోతే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మలుపు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులోకి వెళ్లాక కాదు. పన్నెండున్నరకు చిట్వేలులో ఉన్నాను. ఒక ఇంటి ముందు బల్లలు వేసి భోజనం పెడుతున్నారు. రాగిసంగటి, శనగపప్పు, వంకాయ, ఎనభై రూపాయలు. వడ్డించే ఆవిడ రెండో ముద్ద వేస్తూ, "కొండెక్కొచ్చినావంట గదా, తిను" అంది. మస్తాన్ అప్పటికే ఊరంతా చాటేశాడు. నోరు తెరవడానికి అనుమతి దొరికిన మనిషి మరి.

ఫోన్ సిగ్నల్ రాగానే మోగింది. ప్రసాదు చేసింది మస్తాన్‌కే.

"ఎక్కలేదు సార్. ఒట్టు. అమ్మ ఎక్కలేదు, సైకిలూ ఎక్కలేదు," అన్నాడు వాడు, నా వైపు చూస్తూ. అంతటితో ఊరుకోవచ్చు. వాడి ముఖంలో ఊరుకోండి అనే ఉంది. నేను ఫోన్ తీసుకున్నాను.

"ఒరేయ్, అయిదో మెలిక దగ్గర నేను సైకిల్ ఎక్కించమన్నాను," అని చెప్పాను. గాలి సంగతి కూడా చెప్పాను. పిల్లలకు మార్కులు వేసేటప్పుడు కనికరం చూపించని మనిషిని, నాకు నేను ఎలా వేసుకుంటాను?



"నువ్వు ఎక్కించమన్నావు. వాడు ఎక్కించలేదు," అన్నాడు ప్రసాదు.

"అవును."

"పందెం ఎక్కడం గురించి. అనడం గురించి కాదు. అనేవన్నీ లెక్కపెట్టుకుంటే నీతో ఎవడన్నా బతగ్గలడా అమ్మా?" అన్నాడు. "గాలి చూసుకోకుండా కొండెక్కిందంట, సైన్సు టీచరు!" ఈసారి నవ్వాడు. వాళ్ల నాన్న కూడా అప్పుడప్పుడు ఇలాగే నవ్వేవాడని ఆ రోజు దాకా మరిచిపోయాను.

మిగతా రెండు రోజులు తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే అవి బాగా జరిగాయి, బాగా జరిగినవాటి గురించి రాయడానికి ఎక్కువ ఉండదు. కోడూరు దాకా అరటి, బొప్పాయి తోటలు. అక్కడ స్టేషన్‌కు దగ్గరలో శుభ్రమైన లాడ్జి, తొమ్మిది వందలు. మస్తాన్ ఆటోలోనే పడుకుంటానని మొండికేస్తే, బెంచీ ఎక్కిస్తానని బెదిరించి గది ఇప్పించాను. బాలపల్లి అడవిలో రోడ్డు బాగుంది, లారీలు ఎక్కువ, పొద్దున ఆరింటికే దాటేయండి. కాళహస్తి నుంచి వెంకటగిరి దాకా ఎదురుగాలి కొట్టింది. ఆ గాలి నాకు పాత చుట్టం, మర్యాద ఇచ్చిపుచ్చుకున్నాం. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి రాపూరులో అదే పందిరి ముందు దిగాను. దోసెలావిడ నన్ను చూసి పెనం మీద నీళ్లు చల్లి, ఏమీ అడక్కుండా దోసె పోసింది. ఈసారి డబ్బు తీసుకుంది. పిచ్చిదాన్ని కానని తేలినట్టుంది.

సైకిల్ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, గోడకు ఆనించి, కొండ దుమ్ముతో. ఎవరినీ అడక్కుండా బతకడం కోసమే దాన్ని పోగొట్టుకోకూడదనుకున్నాను. తీరా చూస్తే అది నాకు దక్కింది, నేను అడక్కపోయినా ఒకడు చెప్పబోయినందుకు, అడిగాక దాచకుండా చెప్పినందుకు, ఎక్కించమంటే ఎక్కించనన్నందుకు. అది నాకు అంత సుఖంగా లేదు, కానీ నిజమే. ఇప్పటికీ చర్చికి ఒంటరిగానే వెళుతున్నాను. దారిలో మస్తాన్ ఆటో ఎదురైతే మాత్రం ఆగి, "ఏరా, ఏమన్నా చెప్పేది ఉందా?" అని అడుగుతున్నాను. ఉంటోంది. ప్రతిసారీ ఉంటోంది. పాతికేళ్ల బాకీ మాటలు.

కనుమ ఎక్కేవాళ్లకు నేను చెప్పే సలహా ఒకటే. రాపూరు దాటకముందే సైకిల్ దిగి, రెండు టైర్లూ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ముఖ్యంగా తీరం నుంచి వచ్చేవాళ్లు. ఆ తర్వాత పక్కన నిలబడ్డ మనిషిని కూడా ఒకసారి నొక్కమనండి.